రోగనిరోధకశక్తి: బలమును మించిన వివేకము

ఒకప్పుడు శివారుగ్రామమై నేడు పుదుచ్చేరి పట్టణములో కలిసిపోయిన కదిర్కామమున ఇందిరాగాంధీ వైద్యకళాశాల గలదు. అచ్చటికి అనతిదూరమున, గోరిమేడులో, 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాలకు వారసత్వముగా వెలసిన జిప్మర్ గలదు. ఆ పరిసరముననే ఇందిరానగరులో భారత వైద్యపరిశోధన మండలివారు 1975లో స్థాపించిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, అనగా రోగములను మోసికొనివచ్చు కీటకములను అరికట్టుటకు పాటుపడు పరిశోధనాకేంద్రము, గలదు. మొదటిది 2020లో కోవిడ్ రోగులకు ప్రత్యేకింపబడిన ఆసుపత్రియై ఊపిరాడక వచ్చినవారిని అక్కున జేర్చుకొన్నది; రెండవదానియందలి క్లినికల్ ఇమ్యునాలజీ విభాగమునకు కీళ్లవాతముతోను, లూపస్ వ్యాధితోను బాధపడువారు తమిళదేశమునుండియే గాక, గోదావరీతీరమున నున్న పుదుచ్చేరి భాగమైన యానామునుండియు వత్తురు; మూడవది దశాబ్దములుగా దోమను, దాని వెంటవచ్చు బోదకాలును పరిశోధించుచున్నది. పైకి ఒకదానితో నొకటి పొత్తులేనివిగా దోచు ఈ మూడు బాధలకు మూలమున నున్న ప్రశ్న మాత్రము ఒక్కటియే: శరీరము తన్ను తాను ఎట్లు రక్షించుకొనుచున్నది, ఆ రక్షణమే యొక్కొక్కప్పుడు ఏల శిక్షగా పరిణమించుచున్నది?

ఈ ప్రశ్నను సమగ్రముగా విచారింపవలసిన యవసరము నేడు మిక్కుటముగా నున్నది. కోవిడ్ కాలమునుండి రోగనిరోధకశక్తిని పెంచునని చెప్పబడు చూర్ణములు, కషాయములు, మాత్రలు ఊరూర అంగళ్లలో పేరుకొన్నవి. ఆ శక్తి ఎంత హెచ్చిన అంత మేలను నమ్మకము విద్యావంతులలో సైతము స్థిరపడినది. శాస్త్రము నూరేండ్లకు పైబడి చేసిన శోధనలో తేలినది ఇందుకు భిన్నము. రోగనిరోధకశక్తి మహిమ దాని తీవ్రతయందు లేదు. తగినచోట, తగినంతగా, తగినంతకాలము మాత్రమే ప్రవర్తించి, పని ముగిసినతోడనే విరమించు గుణమునందు గలదు.

ఒకసారి మశూచికము సోకి బ్రతికినవానికి అది మరల రాదని మన పూర్వులెరుగుదురు. ఆ యెరుకతోనే మశూచిపొక్కుల పదార్థమును చర్మమున గీసి ఎక్కించు ఆచారము మనదేశమున కొన్ని ప్రాంతములలో ఉండెడిది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచిక రసముతో టీకా వేయుటయు, 1802లో ఆ టీకా బొంబాయికి జేరుటయు, పిదప నూట డెబ్బదియేండ్లకుపైగా సాగిన ప్రయత్నమువలన 1975లో భారతదేశమునుండి మశూచికము తొలగిపోవుటయు లోకవిదితములే. కాని టీకా ఏల ఫలించుచున్నదో జెన్నరుకు తెలియదు. ఆ రహస్యమును వెదకినవారిలో ఎలీ మెచ్నికాఫ్ కణములే క్రిములను మ్రింగి నశింపజేయుననగా, పాల్ ఎర్లిక్ రక్తరసమునందలి ప్రతిరక్షకములే రోగమును హరించునని వాదించెను. వారిరువురకు 1908లో నోబెల్ బహుమానమును కలిపి యిచ్చిన పండితులు ఆనాడే సత్యమును సమీపించిరి. ఏలయన ఆ రెండు మార్గములును శరీరమున గలవు, ఒకదానికొకటి తోడ్పడుచున్నవి.

శరీరరక్షణలో మొదటిమెట్టు చర్మము, ముక్కు గొంతులలోని జిగురు, ఊపిరిగొట్టములలోని సూక్ష్మమైన నూగు, జఠరమునందలి ఆమ్లము. వీనిని దాటివచ్చిన క్రిమికి ఎదురగునవి పుట్టుకతోనే సిద్ధముగా నుండు తెల్లకణములు. క్రిములకు మాత్రమే సహజములై మన కణములయందు లేని కొన్ని రసాయన లక్షణములను ఇవి గుర్తించును. ఈ గుర్తింపుకు సాధనములైన టోల్ గ్రాహకముల ప్రయోజనము 1996లో ఈగలయందును, 1998లో ఎలుకలయందును బయల్పడినది. గుర్తింపు జరిగినంతనే ఆ కణములు సంకేతరసములను విడుచును, రక్తనాళములు వెడల్పగును, ముల్లు గ్రుచ్చుకొన్నచోట మనకు కానవచ్చు ఎఱుపు, వేడి, వాపు, నొప్పి అనునవి దీని ఫలితములే. బాధాకరములైన ఈ చిహ్నములు వ్యాధివలన గాక శరీరము చేయు ప్రతిక్రియవలన కలిగినవను విషయమును పాఠకులు ఇచ్చటనే గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు వ్యాధులలో పెక్కింటికి ఇదియే తాళపుచెవి.

పుట్టుకతో వచ్చిన ఈ సహజరక్షణము గంటలలో పనిచేయును గాని, ఒక క్రిమికిని మరియొక క్రిమికిని గల సూక్ష్మభేదము నెరుగదు, చేసిన పనిని చాలవరకు జ్ఞప్తియందుంచుకొనదు. ఆ రెండు కొరతలను తీర్చునది ఆర్జితరక్షణము. రాల్ఫ్ స్టైన్మన్ 1973లో కనుగొన్న శాఖాకార కణములు క్రిమి తునుకలను మోసికొని చంకలలోను, గజ్జలలోను, మెడలోను ఉండు బిళ్లలకు జేరును; కాలికి పుండైనప్పుడు గజ్జలలో బిళ్లకట్టుట యందువలననే. అచ్చట టి కణములు, బి కణములు అను రెండు జాతుల లింఫోసైట్లు ఆ తునుకలను పరీక్షించును. బి కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. టి కణములలో కొన్ని క్రిమి చొరబడిన కణములను చంపును, కొన్ని తక్కినవానికి ఆజ్ఞలిచ్చి నడిపించును. రొమ్ముటెముక వెనుక నుండు థైమస్ గ్రంథి ఏ పనికి వచ్చునో తెలియక చిరకాలము అనాదృతమై యుండగా, టి కణములకు అదియే విద్యాలయమని 1961లో జాక్ మిల్లర్ నిరూపించెను.

ఇందు మిక్కిలి విస్మయకరమైన యంశమొకటి గలదు. మానవునియందు జన్యువులు సుమారు 20,000 మాత్రమే. అతని ప్రతిరక్షకములో, కోట్లకొలది రూపములు గలవి. ఈ వైరుధ్యమును సుసుము టొనెగావా 1976లో విప్పెను: బి కణము ఎదుగునప్పుడు దాని జన్యుఖండములు తెగి, తారుమారై, క్రొత్తగా కూర్చబడును; అందుచే ప్రతి కణమును తనదైన యొక గ్రాహకముతో వెలువడును. అనగా శరీరము రాబోవు శత్రువు నెరిగి ఆయుధము చేయుటలేదు. లెక్కలేనన్ని గ్రాహకములను ముందుగనే సిద్ధపరచి, వచ్చిన క్రిమికి ఏది యతుకునో ఆ కణమును మాత్రమే వృద్ధిచేయుచున్నది. 1957లో మక్‌ఫార్లేన్ బర్నెట్ ఊహించిన సిద్ధాంతమిదియే. ఆ వృద్ధికి తొలిసారి వారము, రెండు వారములు పట్టును. కొన్ని కణములు స్మృతికణములై యేండ్లతరబడి నిలుచుటచే మలిసారి కొలదిదినములే చాలును. టీకా యనునది రోగము లేకుండ ఆ స్మృతిని మాత్రము కల్పించు ఉపాయము. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ వారు హెపటైటిస్-బి టీకాను స్వదేశముననే జన్యుసంయోగవిధానమున తయారుచేసి ధరను సామాన్యునికి అందుబాటులోనికి దెచ్చుట తెలుగుదేశము ఈ శాస్త్రమునకు చేసిన సేవలలో ముఖ్యమైనది.

గ్రాహకములు యాదృచ్ఛికముగా కూర్చబడినప్పుడు వానిలో కొన్ని తన దేహమునకే అతుకునవి కాకపోవునా? తప్పక అగును. ఈ విపత్తును ఎర్లిక్ ఇరువదవ శతాబ్ది ప్రారంభముననే ఊహించి, శరీరమునకు ఆత్మహింసయందు సహజమైన భీతి గలదని తలచెను. ఆ భీతికి ఆధారములు తరువాత దొరకినవి. థైమస్‌లో ఎదుగు టి కణములలో స్వదేహమును గట్టిగా పట్టుకొనునవియు, దేనిని పట్టుకొనలేనివియు నశించును. నూటికి 90కి మించి ఆ పరీక్షలో తొలగిపోవును. అయినను కొన్ని తప్పించుకొని వచ్చును. వానిని బయట అదుపులో నుంచు నియంత్రక టి కణములను 1995లో షిమోన్ సకగూచి వేరుగా గుర్తించెను. వానికి మూలమైన ఫాక్స్‌పి3 జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ప్రభృతులు కనుగొనిరి. ఈ మువ్వురకు 2025లో నోబెల్ బహుమానము లభించినది. ఆ జన్యువు చెడి పుట్టిన మగశిశువులలో ప్రేగులు, చర్మము, క్లోమము మొదలగు అవయవములన్నియు స్వీయరక్షణమువలననే దెబ్బతినును. దేహమునందు శాంతి యనునది ఊరకే యుండుటవలన కలుగునది కాదని, అనుక్షణము కొన్ని కణములు శ్రమించి నిలుపుచున్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇంతటి సున్నితమైన యేర్పాటు చెడు విధములను నాలుగుగా విభజింపవచ్చును: శక్తి కొఱవడుట, మితిమీరుట, దారితప్పుట, మోసపోవుట.

కొఱవడుట పుట్టుకతో వచ్చినది కావచ్చును. ఆగ్డెన్ బ్రూటన్ 1952లో వర్ణించిన బాలునకు ప్రతిరక్షకములే లేవు. తరువాత వచ్చినది కావచ్చును; హెచ్.ఐ.వి. క్రిమి సహాయక టి కణములనే ఆశ్రయించి చంపును గనుక, రక్తమున ఘనమిల్లీమీటరునకు 500కు పైగా నుండదగిన, సిడి4 అనబడు ఆ కణములు 200కు లోబడినప్పుడు సామాన్యముగా నిద్రాణమై యుండు క్రిములును ప్రాణాంతకములగును. మనదేశమున ఈ వ్యాధి సోకినవారిని 1986లో మదరాసున సునీతి సాలమన్ ఆధ్వర్యమున గుర్తించిరి. ఆంధ్రదేశము దానివలన మిక్కిలి బాధపడిన రాష్ట్రములలో నొకటి. అయితే లోకమున రోగనిరోధకశక్తి సన్నగిల్లుటకు అత్యధిక కారణము అరుదైన జన్యుదోషము గాని, ఈ క్రిమి గాని కాదు. చాలినంత తిండి లేకపోవుటయే. మందంగడిలో దొరకు శక్తివర్ధకములకంటె బీదవాని పిల్లకు దొరకు పప్పన్నమును, గ్రుడ్డును ఆ శక్తికి నిజమైన ఆధారములు.

మితిమీరుటకు నిత్యోదాహరణము ఉబ్బసమును, దద్దుర్లును. పుప్పొడియో, ధూళిపురుగో, హానిలేని ఆహారమో తగిలినప్పుడు కొందరిలో ఐజిఇ యను ప్రతిరక్షకము ప్రేరేపణముచేసి హిస్టమిన్ వెలువడజేయును. తీవ్రోదాహరణము కోవిడ్. క్రిమి తగ్గుముఖము పట్టుచుండగనే కొందరి ఊపిరితిత్తులు ప్రతిక్రియయొక్క ఉద్రేకముచే నిండిపోయెడివి. 2020 జూన్‌లో బ్రిటనునందు జరిగిన రికవరీ పరిశోధనము డెక్సామెథసోన్ అను చౌకయైన స్టిరాయిడు కృత్రిమశ్వాసపై నున్నవారి మరణములను మూడవవంతు తగ్గించినదని తెలిపెను. ప్రాణవాయువు అవసరములేని రోగులకు ఆ మందువలన మేలు కలుగలేదు. ప్రాణమును నిలిపినది నిరోధకశక్తిని అణచిన మందు! దానిని పెంచవలెనని లోకమంతయు తహతహలాడిన సంవత్సరముననే ఈ సత్యము వెల్లడియగుట గమనింపదగినది.

దారితప్పుటవలన వచ్చునవి స్వీయహింసావ్యాధులు. రుమటాయిడ్ కీళ్లవాతమున వ్రేళ్లకణుపులు ఉదయమున బిగుసుకొనిపోయి, చికిత్స లేనిచో క్రమముగా వంకరలుపోవును. లూపస్‌లో చర్మము, కీళ్లు, మూత్రపిండములు ఒకటొకటిగా పాడగును. బాల్యమున వచ్చు మొదటితరగతి మధుమేహమున ఇన్సులిన్ పుట్టించు కణములు నశించును. గొంతునొప్పి కలిగించు స్ట్రెప్టోకాకస్ క్రిమిపై పుట్టిన ప్రతిక్రియ పోలికచే గుండెకవాటములపై మరలి, మనదేశమున ఎందరో బీదపిల్లల హృదయములను చెరచినది. ఈ వ్యాధులలో పెక్కు స్త్రీలకు అధికము. లూపస్ రోగులలో పదిమందిలో సుమారు తొమ్మండుగురు స్త్రీలు. కారణములలో వంశానుగతము కొంత, హార్మోనులు కొంత, పొగత్రాగుడు మొదలగు అలవాట్లు కొంత. ఇంటిపనిలో కీళ్లనొప్పిని వయస్సుమీద నెట్టి సంవత్సరములు గడపు తల్లులను చూచినప్పుడు, ఈ జ్ఞానము పుస్తకములలో నిలిచిపోవుట ఎంత అన్యాయమో తెలియగలదు.

నాలుగవది, మోసపోవుట. దీనికి బోదకాలును మించిన నిదర్శనము లేదు. పుదుచ్చేరికిని, ఆంధ్రతీరమునకును ఇది చిరపరిచితమైన బాధ. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ కాటుతో వుచరేరియా యను దారమువంటి పురుగు పిల్లలు దేహమున జొచ్చి, శోషరసనాళములలో పెద్దవై, యేండ్లతరబడి కాపురముండును. ఆడుపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవుండును. అది కను సూక్ష్మశిశువులు లక్షలకొలది, దోమ కుట్టు వేళకు సరిగా రాత్రులయందే రక్తములోనికి వచ్చును. ఇంత పెద్ద పరదేశి ప్రాణి తనలో నివసించుచుండ శరీరమేల ఊరకున్నది? ఆ పురుగు నియంత్రక కణములను, ఐఎల్-10 మొదలగు శాంతికర సంకేతములను పురికొల్పి, స్వదేహరక్షణకై యేర్పడిన ఆ సంయమమునే తనకు ముసుగుగా చేసికొనుచున్నది. అందుచే రక్తమున పురుగుశిశువులు నిండుగా నున్నవాడు తరచుగా ఏ బాధయు నెరుగక తిరుగుచు, తనకు తెలియకయే ఇతరులకు వ్యాధిని వ్యాపింపజేయుచుండును.

ఆ సంయమము సడలినవానికి వేరొక కష్టము. పురుగుమీద ప్రతిక్రియ రేగినప్పుడు నాళములు వాచి మూసికొనును. చలిజ్వరము, గజ్జబిళ్లలు, వరిబీజము, తుదకు ఏనుగుకాలు కలుగును. వాచిన కాలి పగుళ్లలో బాక్టీరియా జొచ్చి జ్వరము మరల మరల వచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు క్రొత్తగా వెళ్లిన అమెరికను సైనికులలో వేలమందికి వాపులును నొప్పులును త్వరగా వచ్చినవి గాని రక్తమున శిశుపురుగులు చాల అరుదుగా కానవచ్చినవి. స్థానికులలో శిశుపురుగులు విరివిగా నుండి బాధ లేనివారు పెక్కురు. ఒకే పురుగు, రెండు దేహములు, రెండు గతులు!

మూడవ గతియు గలదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయచికిత్సాలయపు వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనువారు 1940లో క్షయను బోలియు క్షయకాని యొక వ్యాధిని వర్ణించిరి: రాత్రి విడువని దగ్గు, ఆయాసము, రక్తమున ఇయోసినోఫిల్ కణముల విపరీతవృద్ధి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా యని పేరుపెట్టెను. ఇది ఊపిరితిత్తులలో చిక్కిన ఫైలేరియా శిశుపురుగులపై శరీరము చూపు మితిమీరిన ఆగ్రహమని పిదప తేలినది. ఒక్క పురుగువిషయముననే శరీరము మోసపోవుటయు, దారి తప్పి తన నాళములనే మూసికొనుటయు, మితిమీరుటయు కానవచ్చుచుండగా, శక్తి హెచ్చుతగ్గుల లెక్క ఒక్కటియే చాలునని యెట్లు చెప్పగలము?

ఇచ్చట తెలుగువారు సగర్వముగా స్మరింపవలసిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, స్ప్రూ అను ప్రేగువ్యాధి తన సోదరులను బలిగొనగా చూచి, మదరాసున వైద్యము చదివి, ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై పూర్తిపట్టమునకు నోచుకొనక, అమెరికా జేరి హార్వర్డులో పరిశోధకుడై, 1940లో లెడర్లీ సంస్థలో చేరి, పిదప అచ్చటి పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన ఆధ్వర్యమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. దానికి ప్రతికూలముగా పనిచేయు మందులు బాలల రక్తకాన్సరుకు వాడబడినవి. 1947లో హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజీన్, బోదకాలు పురుగునకు మందుగా వెలువడినది. 1948 ఆగస్టులో ఆయన 53 యేండ్ల వయస్సున కీర్తిశేషుడయ్యెను.

ఆయన విడిచిపోయిన నిధి ఈ సమీక్షకు అచ్చముగా సరిపోవుచున్నది. హెట్రజాన్ గాజుపాత్రలో పురుగుశిశువును సామాన్యమోతాదులో చంపలేదు. దేహమున మాత్రము సహజరక్షణమునకు దానిని పట్టిచ్చి, ఆ రక్షణముచేతనే నశింపజేయును. ఫోలిక్ వ్యతిరేకులలో నొకటైన మెథోట్రెక్సేట్, కాన్సరుకు వాడుదానికంటె ఎంతో తక్కువమోతాదులో వారమునకు ఒక్కసారి మాత్రము ఇచ్చినచో, దారితప్పిన ప్రతిక్రియను శాంతింపజేయును. 1988లో అమెరికాలో కీళ్లవాతమునకు అనుమతి పొందిన ఆ మందే నేడు లోకమంతట ఆ వ్యాధికి ప్రథమాధారము. దాని దుష్ఫలితములను తగ్గించుటకు వైద్యులు జతగా ఇచ్చునది ఫోలిక్ ఆమ్లమే. మందకొడియైన శక్తిని మేల్కొల్పునదొకటి, పెచ్చరిల్లిన శక్తిని అణచునదొకటి: భీమవరపు బిడ్డ నడిపిన ప్రయోగశాలనుండియే ఈ రెండు మార్గములకును మందులు వచ్చినవి.

తరువాతి మందులును ఈ నీతినే చాటుచున్నవి. కీళ్లవాతమున టిఎన్ఎఫ్ అను సంకేతమును అడ్డు జీవౌషధములు నొప్పిని వేగముగా తగ్గించును గాని, ఆ సంకేతముచేతనే బంధింపబడి నిద్రించుచున్న క్షయక్రిమి మేల్కొనవచ్చును. క్షయ విరివిగా నున్న మనదేశమున ముందుగా పరీక్షింపక వానిని ప్రారంభింపరాదు. ఇందుకు విపరీతముగా, జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము తెచ్చిన కాన్సరు చికిత్స టి కణముల కళ్లెమును సడలించును. కాన్సరు కరగును, కొందరిలో థైరాయిడు, ప్రేగులు, ఊపిరితిత్తులు స్వీయహింసకు లోనగును. కళ్లెము బిగించినను, వదలినను మూల్యము చెల్లింపక తప్పదు.

మందులే సర్వస్వమనుకొనరాదు. 1981 నుండి 1985 వరకు పి.కె. రాజగోపాలన్ నాయకత్వమున వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటరువారు పుదుచ్చేరిలో మురుగుకాలువలను, గుంటలను సరిచేయించి, ప్రజలను కలుపుకొని దోమలను తగ్గించి చూపిరి. నిరోధకశక్తి ఎదుర్కొనవలసిన శత్రువును దానియొద్దకు రానీయకుండుట కంటె శ్రేష్ఠమైన సాయము దానికి మరియొకటి లేదు.

కావున పాఠకులకు మనవి. శక్తివర్ధకమని పేరుపెట్టి అమ్ము ప్రతిదానికి డబ్బు పోయక, పిల్లలకు వేళకు టీకాలు వేయించుడు, ఇంటిల్లిపాదికి కడుపునిండ మంచితిండి పెట్టుడు, పొగ మానుడు. బోదకాలు నివారణకు ప్రభుత్వమువారు మాత్రలు పంచునప్పుడు, గర్భిణులు, రెండేండ్లలోపు పిల్లలు, తీవ్రరోగులు తప్ప తక్కినవారందరు, బాధ లేదుగదా యని దాచిపెట్టక, వారి యెదుటనే మ్రింగుడు. కాలు వాచినవారు దినదినము సబ్బుతో కడిగి, తడి తుడిచి, ఎత్తున నుంచుకొనుడు. ఉదయపు కీళ్లబిగువు ఆరువారములు దాటినచో వైద్యుని జూడుడు. ఆయన మెథోట్రెక్సేట్ వ్రాసినచో దినమునకు గాక వారమునకొక్కమారే వాడుడు. స్టిరాయిడు మాత్రలను మీయంతట మీరు మొదలుపెట్టవద్దు, మీయంతట మీరు ఆపవద్దు. శరీరము తన రక్షణశక్తిని మితముగా నడుపుకొనుటకు పడుచున్న పాటుకు మనము తోడ్పడవలెనే గాని, దానిని రెచ్చగొట్టరాదు.